చెట్టెక్కిన జెముడు

రిప్సాలిస్‌ని గుప్పిట నిండా పట్టుకున్నా ఒక్క ముల్లూ గుచ్చుకోదు. తికమకంతా అక్కడే మొదలవుతుంది. కడియం, కడియపులంక వైపు నర్సరీల్లో షేడ్‌నెట్ కింద వేలాడదీసిన కుండీల్లోంచి సేమ్యా పోగుల్లా సన్నటి పచ్చని కాడలు గుత్తులుగా జారుతుంటాయి. ఆకు లేదు, ముల్లు లేదు, చూడబోతే నాచుకీ తీగకీ మధ్య రకంలా ఉంటుంది. పేరడిగితే కాక్టస్ అంటారు. ఆ పేరు నమ్మి కొనుక్కెళ్లినవాళ్లు డాబా మీద ఎండలో పెట్టి పదిహేను రోజులకోసారి నీళ్లు చల్లుతారు. రోహిణి కార్తె వచ్చేసరికి కుండీలో ఎండుగడ్డి మిగులుతుంది. పేరు పట్టించుకోనివాళ్లు కాలువ గట్టు ఒండ్రుమట్టి నింపిన కుండీలో నాటి, రోజూ చెంబెడు నీళ్లు పోస్తారు. వాళ్లది ఎండదు, మొదలు దగ్గర నల్లబడి కుళ్లుతుంది. ఒకరు ఎడారి మొక్క అనుకున్నారు, ఇంకొకరు నేల మొక్క అనుకున్నారు. అది రెండూ కాదు. అడవిలో చెట్టు కొమ్మ మీద పుట్టి, కొమ్మ మీదే బతికి, కొమ్మ మీదే పండు కాసే జెముడు.

జెముడు అనే మాట గురించి కూడా కాస్త చెప్పుకోవాలి. తెలుగులో ఈ మాట రెండు వేరువేరు కుటుంబాలకి వాడుకలో ఉంది. నాగజెముడు అసలైన కాక్టస్, అమెరికా ఖండం నుంచి వచ్చింది. కాడజెముడు మాత్రం యుఫోర్బియా, దానికి కాక్టస్‌తో చుట్టరికం లేదు. చిత్రమేమిటంటే, పైపైన చూస్తే రిప్సాలిస్ నాగజెముడు కన్నా కాడజెముడునే ఎక్కువగా పోలి ఉంటుంది. రెండింటివీ పెన్సిల్ లాంటి గుండ్రటి కాడలే. తేడా కనుక్కోవడం తేలిక. కాడజెముడు విరిస్తే తెల్లటి పాలు కారతాయి, అవి కంట్లో పడితే ప్రమాదం. రిప్సాలిస్ విరిస్తే పాలు రావు, కాస్త జిగురు నీరు వస్తుంది, అంతే.

కాక్టస్ కుటుంబంలో సుమారు 1,750 జాతులుంటే వాటిలో పదో వంతు లోపే ఇలా చెట్లెక్కాయి. పాఠ్యపుస్తకాలు వీటిని వృక్షోపజీవులు అంటాయి. ఆ మాటలో 'ఉపజీవి' అని ఉండడం వల్ల చెట్టు రసం పీల్చి బతుకుతాయేమో అనిపిస్తుంది గానీ అది నిజం కాదు. మామిడి కొమ్మల మీద పాతుకుపోయే బదనిక, ఆ చెట్టు కణజాలంలోకి వేరు దించి నీళ్లు తోడుకుంటుంది. అది పరాన్నజీవి. రిప్సాలిస్ కొమ్మని ఆనుకుని ఉంటుందే తప్ప కొమ్మలోకి దిగదు. బెరడు పగుళ్లలో పేరుకున్న ఆకు కుళ్లు, నాచు, దుమ్ము, వాటి మీద పడిన వాన నీరు, ఇవే దాని తిండి.

రిప్సాలిస్ ప్రజాతిలో 40 దాకా జాతులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఆగ్నేయ బ్రెజిల్‌లో, రియో డి జనీరో, సావో పాలో నగరాల వెనక నిలబడ్డ సెర్రా దో మార్ కొండల తడి అడవుల్లో కనిపిస్తాయి. తడి అడవిలో కాక్టస్ ఏమిటన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. దానికి జవాబు లంకల్లో ఉన్నవాళ్లకి వేగంగా అర్థమవుతుంది. గోదావరి వరదలో లంక చుట్టూ ఎటు చూసినా నీళ్లే, తాగడానికి మాత్రం బిందెడు మంచినీళ్లు దొరకవు. కొమ్మ మీది మొక్కదీ ఇంచుమించు అదే గతి. వాన రోజూ పడవచ్చు, కానీ పడిన నీరు బెరడు మీంచి జారి కిందికి పోతుంది. వాన వెలిసి ఎండ కాసిన కాసేపటికే కొమ్మ ఆరిపోతుంది. కింద నేల ఇంకా బురదగా ఉండగానే పైన కరువు మొదలవుతుంది. ఎడారిలో కరువు ఏడాదికోసారి వచ్చి నెలల తరబడి ఉంటుంది. కొమ్మ మీద కరువు వారానికి రెండుసార్లు వచ్చి రెండు రోజులుండి పోతుంది. అందుకే ఎడారి కాక్టస్ పీపాలా లావెక్కి నీళ్లు దాచుకుంటే, ఇది సన్నగా ఉండి కొద్దిగానే దాచుకుని, పడిన ప్రతి చుక్కనీ వెంటనే పట్టుకోవడం మీద ఆధారపడింది.

నర్సరీల్లో ఎక్కువగా కనిపించే జాతి రిప్సాలిస్ బాక్సిఫెరా. కాడ మందం నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లు, పొడవు మాత్రం మీటరు నుంచి నాలుగు మీటర్ల దాకా పోతుంది. కాడ కొసకి రాగానే ఒకేచోట నుంచి రెండు మూడు కొత్త కాడలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, గొడుగు పుల్లల్లా విచ్చుకుంటాయి. అవి పెరిగి మళ్లీ కొసల్లో చీలుతాయి. ఇలా కీలు మీద కీలు పడి ఏర్పడిన గుత్తి అది. రిప్సాలిస్ అన్న పేరు బుట్టలు, తడికెలు అల్లే పుల్లలకి గ్రీకులో వాడే మాట నుంచి వచ్చింది. 1788లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ గేర్ట్‌నర్ ఆ పేరు పెట్టాడు. అంతకు కొన్నేళ్ల ముందు దీన్ని కసైథా అనే ప్రజాతిలో చేర్చారు. అది మన సముద్రతీరపు పొదల మీద కూడా దారాల్లా అల్లుకునే పరాన్న తీగ. అంటే ఆనాటి శాస్త్రవేత్తలకీ ఇది కాక్టస్‌లా కనిపించలేదన్నమాట. డాబా మీద ఎండబెట్టినవాళ్లని మరీ తప్పుపట్టనక్కర్లేదు.

ఇది కాక్టస్ అనడానికి సాక్ష్యం విత్తనం నుంచి మొలిచిన పసి మొక్కలో ఉంది. ఆ పసి కాడకి నిలువు గాడులు, వాటి వెంట చిన్న చిన్న నూగు ముళ్లు ఉంటాయి. అచ్చం బుల్లి ఎడారి కాక్టస్. పెరిగేకొద్దీ ఆ రూపం వదిలేసి నున్నటి కాడలు వేస్తుంది. పెద్ద మొక్కలో కూడా కాడ పొడుగునా అక్కడక్కడ చిన్న చుక్కలు కనిపిస్తాయి. ముళ్లు మొలిచే ఆ దిండ్లు కాక్టస్ కుటుంబానికి పుట్టుమచ్చ లాంటివి. ఎడారిలో అక్కడ ముల్లు వచ్చేది, ఇక్కడ పువ్వూ వేరూ వస్తాయి. ముల్లు ఎందుకు పోయిందనేది ఊహించడం కష్టం కాదు. నేల మీద మేకలాంటి జంతువుల నోటి నుంచి కాపాడటానికీ, మండే ఎండని కాస్త అడ్డుకోవడానికీ ముళ్లు పనికొస్తాయి. ఎత్తైన కొమ్మ మీద, ఆకుల నీడలో, ఆ రెండు అవసరాలూ తగ్గిపోయాయి.

ఆకులు లేవు కాబట్టి ఆహారం వండే పని కాడదే. ఆ వంట పద్ధతి మామూలు మొక్కలది కాదు. మామూలు మొక్క పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది, ఆ రంధ్రాల్లోంచే నీరు ఆవిరైపోతుంది. రిప్సాలిస్ లాంటివి రాత్రి చల్లబడ్డాక రంధ్రాలు తెరుస్తాయి. తీసుకున్న గాలిని మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లో దాచిపెడతాయి. తెల్లారాక తలుపులు మూసేసుకుని, ఆ ఆమ్లాన్ని విడగొట్టి, ఎండ వెలుగులో చక్కెర చేసుకుంటాయి. దీన్ని క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ అనీ, పొట్టిగా క్యామ్ అనీ అంటారు. అంతే కార్బన్ సంపాదించడానికి మామూలు మొక్క ఖర్చుపెట్టే నీటిలో ఇది ఖర్చుపెట్టేది నాలుగో వంతో అయిదో వంతో.

ఈ కథలో డెల్టా అంచునున్న సామర్లకోటకి ఒక చోటుంది. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో అక్కడ ఒక వృక్షశాస్త్ర తోట ఉండేది. విలియం రాక్స్‌బర్గ్ దాన్ని నడిపాడు. ఆయన 1793లో కలకత్తా వెళ్లిపోయాక బెంజమిన్ హైన్ ఆ బాధ్యతలోకి వచ్చాడు. ఈ హైన్ రాసిన ఒక లేఖ 1815లో లండన్ లిన్నియన్ సొసైటీ సంచికలో అచ్చయింది. రణపాల ఆకు పొద్దున్నే నమిలితే పుల్లగా ఉంటుందనీ, మధ్యాహ్నానికి చప్పబడుతుందనీ, సాయంత్రానికి కాస్త చేదెక్కుతుందనీ అందులో రాశాడు. క్యామ్ గురించిన తొలి పరిశీలనల్లో దాన్ని ఒకటిగా ఇప్పటికీ చెబుతారు. క్రాసులేసియన్ అన్న మాట కూడా రణపాల కుటుంబం పేరే. రాత్రంతా పోగైన ఆమ్లమే పొద్దుటి పులుపు, పగలంతా ఖర్చయిపోతే మిగిలేది చప్పదనం. డెల్టాలో ఏ పెరట్లోనైనా రణపాల ఉంటుంది కాబట్టి ఎవరైనా తెల్లారగట్ల ఒక ఆకు ముక్క, మధ్యాహ్నం ఒక ముక్క కొరికి చూసుకోవచ్చు. రిప్సాలిస్ కాడలో జరిగేదీ అదే.

ఇక్కడ బ్రహ్మకమలాన్ని కూడా తీసుకురావాలి. వానాకాలంలో గోదావరి జిల్లాల్లో ఎవరింట్లోనైనా ఆ పువ్వు విచ్చితే వీధి వీధంతా అర్ధరాత్రి పసుపు కుంకుమలతో చేరుతుంది. అది హిమాలయాల బ్రహ్మకమలం కాదు, ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్ అనే కాక్టస్. మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల మీద పెరిగేది. ఆకు మీద పువ్వు పూసింది అని అందరూ ఆశ్చర్యపోతారు. నిజానికి అది ఆకు కాదు, బల్లపరుపుగా మారిన కాడ. ఈ పొరపాటు మన ఊళ్లలోనే పుట్టలేదు. 1753లో లినేయస్ ఈ ప్రజాతిలోని దక్షిణ అమెరికా మొక్కకి ఆకు-పువ్వు అనే అర్థం వచ్చేలా ఫిల్లాంథస్ అని పేరు పెట్టాడు. తర్వాత వచ్చిన ఎపిఫిల్లమ్ అన్న పేరుకీ ఆకు మీద అనే అర్థం.

రిప్సాలిస్, ఎపిఫిల్లమ్ రెండూ చెట్టెక్కినా ఒకే దారిలో ఎక్కలేదు. కాక్టస్ కుటుంబంలో అవి వేరువేరు కొమ్మలు. దక్షిణ అమెరికాలో ఒక శాఖ, మెక్సికో వైపు మరో శాఖ విడివిడిగా నేల వదిలాయి. ఎపిఫిల్లమ్ కాడని వెడల్పు చేసుకుని నీడలో వెలుతురు ఎక్కువ పట్టుకునే ఏర్పాటు చేసుకుంది. బాక్సిఫెరా కాడని గుండ్రంగానే ఉంచి, నీరు పోయే ఉపరితలాన్ని తగ్గించుకుంది. రిప్సాలిస్‌లోనే వెడల్పు కాడల జాతులూ ఉన్నాయి కాబట్టి దీన్ని గట్టి నియమంగా చెప్పలేం. డెల్టా రైతులకి తెలిసిన డ్రాగన్ ఫ్రూట్ కూడా ఎపిఫిల్లమ్ వైపు చుట్టమే. అడవిలో చెట్టు మొదలుని పట్టుకుని పాకుతూ పోతుంది. తోటలో నాటే సిమెంటు స్తంభం, దాని మీద పెట్టే చక్రం, ఆ లేని చెట్టుకి బదులుగా వచ్చినవే. ఆ స్తంభం ఎందుకో తెలిసినవాళ్లకి ఈ కాక్టస్‌ల స్వభావం సగం తెలిసినట్టే.

బాక్సిఫెరా పువ్వుకి బ్రహ్మకమలం ఆర్భాటం ఏమీ లేదు. సెంటీమీటరు కూడా ఉండని తెల్లటి పువ్వు, పగలే పూస్తుంది, చాలామంది కంట పడకుండానే రాలిపోతుంది. అసలు అందం పండుది. బఠాణీ గింజంత, పాల ముత్యంలా సగం పారదర్శకంగా ఉండి, లోపలి నల్లటి గింజలు బయటికి లీలగా కనిపిస్తాయి. పేరులోని బాక్సిఫెరాకి పండ్లు మోసేదని అర్థం. తన పుప్పొడితోనే పండు కట్టగలదు కాబట్టి తేనెటీగ రాని వరండాలో ఒంటరి కుండీ కూడా ముత్యాలు కాస్తుంది.

ఆ పండు గుజ్జు బంక నక్కెర కాయలా జిగటగా ఉంటుంది. తిన్న పిట్ట ముక్కుకి గింజ అంటుకుంటుంది, దాన్ని వదిలించుకోవడానికి పిట్ట కొమ్మకేసి ముక్కు రుద్దుతుంది. లేదా రెట్టతో పాటు ఇంకో కొమ్మ మీద పడుతుంది. రెండు రకాలుగానూ గింజ చేరవలసిన చోటికే చేరుతుంది. మామిడి మీద బదనిక వ్యాపించేదీ ఈ జిగురు వల్లే. తాటి చెట్టు మట్టల సందున, పాత గుడి గోపురం పగుల్లో రావి మొలకెత్తడానికీ పిట్టల రెట్టే కారణం. వేరువేరు కుటుంబాలు, ఒకే ఉపాయం.

ఈ పిట్టల ఉపాయమే వృక్షశాస్త్రంలో ఒక పెద్ద తగవుకి కారణమైంది. కాక్టస్‌లన్నీ అమెరికా ఖండాలవే. మన దగ్గర కనిపించే నాగజెముడు మనుషులు తెచ్చింది. ఒక్క రిప్సాలిస్ బాక్సిఫెరా మాత్రం ఫ్లోరిడా, మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా ఉండటమే కాక, ఆఫ్రికా అడవుల్లో, మడగాస్కర్‌లో, శ్రీలంకలో కూడా అడవి మొక్కగా ఉంది. అట్లాంటిక్ ఎలా దాటింది?

ఖండాలు విడిపోకముందే రెండువైపులా ఉందన్న వాదన నిలవదు. దక్షిణ అమెరికా, ఆఫ్రికా విడిపోయి దాదాపు పది కోట్ల ఏళ్లు. కాక్టస్ కుటుంబం వయసు మూడు, మూడున్నర కోట్ల ఏళ్లకి మించదని లెక్కలు. నావికులు తీసుకెళ్లారన్నది రెండో వాదన. ఐరోపావాళ్లు క్రిస్మస్‌కి బదనిక జాతి కొమ్మలు ఇంట్లో వేలాడదీస్తారు, వాటికి బదులుగా తెల్ల పండ్ల ఈ గుత్తుల్ని ఓడలో పెట్టుకుని ఉంటారని ఊహ. వినడానికి బాగుంది. కానీ క్రోమోజోముల లెక్క దానికి అడ్డం వస్తుంది. అమెరికా మొక్కల్లో 22 క్రోమోజోములుంటే, ఆఫ్రికావాటిలో దానికి రెట్టింపు, మడగాస్కర్‌లో కొన్నింటికి నాలుగు రెట్లు ఉన్నాయి. కాడల రూపంలో కూడా ప్రాంతాన్ని బట్టి తేడాలు వచ్చాయి. అయిదారు వందల ఏళ్ల ఓడ ప్రయాణాల కాలంలో ఇంత మార్పు, అదీ మనిషి చేరని అడవుల లోపల, నమ్మశక్యంగా లేదు. మిగిలింది పిట్ట. బ్రెజిల్ నుంచి ఆఫ్రికాకి అతి దగ్గరి దారి కూడా దాదాపు 2,900 కిలోమీటర్లు. కడుపులో గింజ అంతసేపు ఉండకపోవచ్చు గానీ, ఈకలకి అంటుకున్న జిగురు గింజ ఉండగలదు. తుఫాను గాలికి దారి తప్పిన పిట్ట లక్షల ఏళ్లలో ఒక్కటి వచ్చినా చాలు. తన పుప్పొడితోనే పండు కట్టే మొక్కకి ఒక్క గింజ చాలు కదా. మూడు వాదనల్లో ఇదే బలమైనది.

డెల్టాకి తిరిగి వస్తే, నర్సరీవాళ్లు ఒక చిన్న పరీక్షని తెలియకుండానే రోజూ నడుపుతున్నారు. రిప్సాలిస్‌కి దగ్గరి చుట్టం ష్లంబర్గెరా, అంటే క్రిస్మస్ కాక్టస్. పువ్వులతో వచ్చిన కుండీని చూసి ముచ్చటపడి కొంటారు. మరుసటి ఏడాది అది పచ్చగా పెరుగుతుంది, పూయదు. ఎరువు తక్కువైందని ఇంకాస్త వేస్తారు. ఎరువుతో దానికి పని లేదు. పగలు పన్నెండు గంటల కన్నా తగ్గి, రాత్రులు 15 నుంచి 20 డిగ్రీల మధ్య చల్లగా ఉన్నప్పుడు అది మొగ్గ పెడుతుంది. మన దగ్గర అక్టోబరులో పగలు తగ్గుతుంది గానీ రాత్రి ఇంకా 23, 24 డిగ్రీల దగ్గరే ఉక్కపోస్తుంది. సంక్రాంతి చలి వచ్చేసరికి కొన్ని మొగ్గలు వేస్తే వేస్తుంది, లేకపోతే లేదు. దాని పుట్టిల్లు రియో వెనకాల ఎత్తైన కొండలు. అక్కడి చలికాలపు మొదట్లో, అంటే మే నెలలో పూస్తుంది కాబట్టి బ్రెజిల్‌వాళ్లు దాన్ని మే పువ్వు అంటారు. బాక్సిఫెరా అలా కొండలకే పరిమితమైన మొక్క కాదు, సముద్రమట్టానికి దగ్గరి అడవుల్లోనూ ఉంటుంది. వెచ్చటి రాత్రులకి అలవాటు పడింది. ఒకే నర్సరీ, ఒకే నీడ, ఒకే నీళ్లు. ఒకటి కాస్తుంది, ఒకటి పూయదు.

అయినా డెల్టా దానికి పూర్తిగా పుట్టిల్లు కాలేదు. గాలిలో తేమ సరిపోతుంది, వానా సరిపోతుంది, కానీ జనవరి నుంచి మే దాకా వాన బాగా తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో వడగాలి వీచినప్పుడు కాడలు ముడతలు పడతాయి. రాత్రి కూడా గాలి వేడిగా ఉంటే ఈ మొక్క రాత్రీ పగలూ తలుపులు మూసుకుని, తాను వదిలిన గాలినే లోపల మళ్లీ వాడుకుంటూ కూర్చుంటుంది. పెరగదు, చావదు. అప్పుడు కంగారుపడి కుండీ నిండా నీళ్లు పోస్తే నష్టమే. వేళ్లు పని తగ్గించుకున్న సమయంలో నిలిచిన నీరు కుళ్లు తెస్తుంది. సాయంత్రం పూట కాడల మీద పలచగా నీళ్లు చల్లి, మామిడి చెట్టు కిందో ఉత్తరం వైపు వరండాలోనో వేలాడదీస్తే చాలు.

వేరు పెట్టే చోటు విషయంలో డెల్టాకి దొరికిన సౌకర్యం కొబ్బరి. ఒండ్రుమట్టి తడిస్తే ముద్దవుతుంది, వేళ్లకి గాలి ఆడదు. కొమ్మ మీద నాచు, ఆకు కుళ్లు చేసే పనిని కొబ్బరి డొక్క ముక్కలు, పీచు, బొగ్గు ముక్కలు చక్కగా చేస్తాయి. తడిని పట్టుకుంటాయి, గాలినీ పోనిస్తాయి. అయితే కొబ్బరి పొట్టులో సహజంగా ఉప్పు ఉంటుంది. రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండాకే వాడాలి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పు తగులుతాయి. వాన నీళ్లు తప్ప ఎరగని కొమ్మ మీది మొక్క ఆ ఉప్పుని భరించలేక కొసల నుంచి ఎండుతూ వస్తుంది. చాలాచోట్ల తెగులనుకుని మందు కొట్టేది ఈ ఉప్పు దెబ్బకే. నిజంగా పట్టే పురుగు పిండినల్లి. కాడలు విడిపోయే కీళ్ల దగ్గర దూదిలా కూర్చుంటుంది.

కొత్త మొక్క చేసుకోవడానికి విత్తనం దాకా పోనక్కర్లేదు. కీలు దగ్గర విరిచిన కాడని ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి తడి పీచు మీద పడుకోబెడితే కొన్ని వారాల్లో వేరు దిగుతుంది. కుండీయే కావాలని కూడా లేదు. కొబ్బరి డొక్కలో కాడలు పెట్టి, డొక్కని మామిడి కొమ్మ పంగలో పీచుతాడుతో కట్టేస్తే సరిపోతుంది. జూన్‌లో కట్టిన గుత్తి వానలు ఆగేలోపు బెరడుని పట్టుకుంటుంది. పీచుతాడు కుళ్లి ఊడిపోయే రోజుకి దాని అవసరం తీరిపోయి ఉంటుంది.